బెత్తెడు దూరంలో గొంతు: పాలమూరులో ఒక సోల్ ప్రేమపాట రికార్డింగ్ డైరీ

ఇంట్లో, మామూలు గదిలో, నెమ్మదిగా సాగే సోల్ (అమెరికా నల్లజాతివాళ్ల చర్చి పాటల్లోంచి వచ్చిన సంగీతం) తరహా తెలుగు ప్రేమపాట రికార్డు చేయాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ. ట్యూను ఎలా పుట్టింది, ఎంత సంబరపడ్డాం అన్నవి వదిలేస్తున్నాను. మొదటి మిక్స్ (విడివిడిగా తీసిన శబ్దాలన్నీ కలిపిన పాట) పూర్తయి, అది పనికిరాదని తేలిన చోటి నుంచి మొదలుపెడుతున్నాను.

పని జరిగింది మహబూబ్‌నగర్‌లో, మెట్టుగడ్డ వైపు ఒక డాబా ఇంట్లో. కీబోర్డు, రికార్డింగు నావి. పాడింది మా వీధిలో ఉండే అక్క. బతుకమ్మ పాటల్లో నానిన గొంతు, కొన్నేళ్లు కర్ణాటక సంగీతం కూడా నేర్చుకుంది. బేస్ గిటారు ఒక చర్చి బ్యాండులో వాయించే అన్నది. పాటలో సంగతి ఇది: తెల్లారితే ముంబై బస్సెక్కాల్సిన మనిషి, అతని పక్కన కూర్చున్న భార్య. పాలమూరులో ఆ రాత్రి తెలియని ఇళ్లు తక్కువ.

## మొదటి మిక్స్ ఎక్కడ తేడా కొట్టింది

41 ట్రాకులు, అంటే విడివిడిగా తీసిన శబ్దాలు. టెంపో నిమిషానికి 84 బీట్లు. గొంతు మీద 2.8 సెకన్ల రివర్బ్ (గది మోత), వెనకాల స్ట్రింగ్స్. విన్నవాళ్లు "మస్తుంది, సినిమా పాటలెక్కనే ఉంది" అన్నారు. అదే ఇబ్బంది. ఈ పాటలో ఇద్దరే మనుషులు ఉండాలి, మా మిక్స్‌లో ఆడిటోరియం వినిపిస్తోంది.

కారణం వెతకడం కష్టం కాలేదు. నోటి నుంచి నేరుగా వచ్చిన శబ్దం ఎంత, గోడలకు తగిలి వచ్చింది ఎంత అన్నదాన్ని బట్టి చెవి దూరాన్ని పసిగడుతుంది. రివర్బ్ పెంచినకొద్దీ పాడే మనిషి వెనక్కి జరుగుతుంది. వాల్యూమ్ పెంచినా తిరిగి ముందుకు రాదు. 1970లలో అమెరికాలో, మెంఫిస్‌లోని రాయల్ స్టూడియోలో నిర్మాత విల్లీ మిచెల్ చేయించిన రికార్డులు వింటే ఇది అర్థమవుతుంది. అది ఒకప్పటి సినిమా హాలు, ఏటవాలు నేల. అంత జాగా ఉండి కూడా సోల్ గాయకుడు అల్ గ్రీన్ గొంతు మన భుజం పక్కనే ఉంటుంది, ఎందుకంటే అతను తగ్గించి పాడాడు, మైకు దగ్గరగా పాడాడు.

కాబట్టి నిర్ణయించుకున్నవి:

1. రివర్బ్ మొత్తం తీసేసి, పొడి గొంతుతోనే పాట నిలబడాలి. తర్వాతే ఏదైనా కలపడం.
2. పొడి గొంతు కావాలంటే గది చప్పుడు చేయకూడదు. ముందు గది పని.
3. టెంపో 70కి దించాలి. అప్పుడు ఒక బీటు 857 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 214. తర్వాత తాళం లెక్కలన్నీ ఈ అంకెల మీదే.

అప్పటికే ఉన్న సామాను: సెకండ్‌హ్యాండ్ ఆడియో ఇంటర్‌ఫేస్ 6,500, కండెన్సర్ మైకు 5,200, స్టాండు 900, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు 2,300, కేబుల్ 400. కీబోర్డు, ల్యాప్‌టాప్ పాతవి, లెక్కలో లేవు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 15,300. ట్రాకులు: 41.

## దశ 1: గది

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. కింద షాబాద్ బండలు, పైన స్లాబ్. రికార్డింగుకు ఇంతకన్నా మొండి గది ఉండదు. మూడు కొలతలూ ఒకటే కావడంతో ఒకే స్వరాలు మూడు దిక్కుల నుంచీ ఉబ్బుతాయి. శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. పదడుగుల గోడల మధ్య అది 56 హెర్ట్జ్ (సెకనుకు 56 కంపనాలు) దగ్గర, మళ్లీ 112, 169, 225 దగ్గర గూడుకట్టుకుంటుంది. చివరి రెండూ అక్క మంద్రంలో పాడే చోటే పడుతున్నాయి. చప్పట్లు కొడితే 'టర్ర్' మని గోడల మధ్య పరుగెత్తే మోత వేరే.

గుడ్ల అట్టలు అతికించమని చాలామంది చెప్పారు. ఒక గోడకు పెట్టి చూశాం. పై స్థాయి శబ్దాల మెరుపు కొంచెం తగ్గింది, 'బొయ్' అనే ఉబ్బు అలాగే ఉంది. పలుచని అట్ట కింది స్వరాల శబ్దాన్ని ఏమీ చేయలేదు. పైగా నిప్పు భయం. తీసేశాం.

మా దగ్గర దొరికే మంచి వస్తువు గొంగడి. దక్కనీ గొర్రె ఉన్నితో కురుమలు నేసే నల్ల గొంగడి మందంగా, గరుకుగా ఉంటుంది, గాలిని తనలోంచి కష్టంగా పోనిస్తుంది. శబ్దం తగ్గించడానికి కావాల్సింది అదే. రెండు కొత్తవి కొన్నాం, మూడు పాతవి తెలిసిన గొర్లకాపరి ఇంట్లో అడిగి తెచ్చాం. నేత పనిలో నూలుకు చింతగింజల గంజి పట్టిస్తారు కాబట్టి కొత్తది బిర్రుగా ఉంటుంది. వాడి వాడి మెత్తబడ్డ పాతవే మా చప్పట్ల పరీక్షలో ఎక్కువ పనిచేశాయి.

గోడకు ఆనించి వేలాడదీస్తే లాభం సగమే. గోడకూ గొంగడికీ మధ్య నాలుగంగుళాల ఖాళీ వదిలితే దాదాపు 850 హెర్ట్జ్ నుంచి పట్టు మొదలవుతుంది. అడుగు ఖాళీ వదిలితే 280 దాకా దిగుతుంది. అక్క వెనక గోడకు అడుగు ఖాళీతో రెండు గొంగళ్లు, రెండు పక్కలా నాలుగంగుళాలతో ఒక్కో గొంగడి వచ్చాయి. ఐదోది నేల మీద. మైకు వెనక గోడ ఖాళీగానే ఉంది. కార్డియాయిడ్ మైకుకు ఎదుట నుంచి వచ్చేదే బాగా వినిపిస్తుంది, ఆ ఎదుట ఉన్నది అక్క వెనక గోడే.

కింది స్వరాల ఉబ్బుకు ఇంట్లోని పత్తి పరుపులు చుట్టి రెండు మూలల్లో నిలబెట్టాం. 169 దగ్గర వాపు విని గుర్తుపట్టేంతగా తగ్గింది, 56 దగ్గర ఏమీ మారలేదు. గొంతు అంత కిందికి పోదు కాబట్టి వదిలేశాం.

గొంగళ్లు రెండు 3,600, కర్ర పట్టీలు 420, తాడు, కొక్కేలు 280.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 19,600.

## దశ 2: చప్పుళ్లు

గొంతు తగ్గించి పాడితే మైకు గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) పెంచాలి. పెంచితే గదిలో ఉన్నదంతా లేస్తుంది. అందుకే ఒకే గెయిన్ పెట్టి, ఎవరూ పాడకుండా అర నిమిషం రికార్డు చేసి, ఒక్కో వస్తువు ఆపుతూ కొలిచాం. డీబీ (డెసిబెల్) శబ్దం కొలత, సున్నాకు ఎంత కింద ఉంటే అంత నిశ్శబ్దం.

- ఫ్యాను తిరుగుతుంటే: −47 డీబీ
- ఫ్యాను ఆపాక: −55
- ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపితే: −60
- రాత్రి, వీధిలో మోటార్లు ఆగాక: −64

చార్జరుతో వచ్చే 'జుయ్' శబ్దం 50 హెర్ట్జ్, దాని రెట్లు 100, 150 దగ్గర కూర్చుంటుంది. దాన్ని ఈక్యూతో (ఎంచుకున్న హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని పెంచే, తగ్గించే సాధనం) కోస్తే గొంతులో కండ కూడా పోతుంది. పుట్టిన చోటే ఆపాలి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద తీసిన టేకులన్నీ పక్కన పడేశాం. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ రొద పైస్థాయి దాకా ముళ్లలా పాకుతుంది, దేనితోనూ పోదు. మెరిసే బల్బు ఒకటి మార్చాం, 120 రూపాయలు.

రైలు హారన్‌ను ఆపలేం. సికింద్రాబాద్–డోన్ లైను దగ్గరే. హారన్ వినిపిస్తే చెయ్యెత్తడం, అక్క ఆ లైను మళ్లీ మొదటి నుంచి అందుకోవడం, ఇదే పద్ధతి.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 19,720. గది నిశ్శబ్దం: −64 డీబీ.

## దశ 3: మైకు ఎంత దూరం

ఈ డైరీలో ఒక్క భాగమే కాపీ చేస్తామంటే ఇది చేయండి.

టేపు పెట్టి కొలిస్తే పాడేవాళ్లు బిగుసుకుపోతున్నారు. అందుకే మన కొలతలే వాడాం: మూర, జాన, బెత్తెడు. సుమారుగా 18 అంగుళాలు, 9 అంగుళాలు, 3 అంగుళాలు. అదే లైను మూడు దూరాల్లో, వాల్యూమ్ సమం చేసి విన్నాం.

మూర దూరంలో గొంతు శుభ్రంగా ఉంది, కానీ గది కూడా ఉంది. అక్క పాడుతోంది, మనం వింటున్నాం. జానకు వస్తే దూరం సగమై స్థాయి 6 డీబీ పెరుగుతుంది, గది అంత వెనక్కి పోతుంది. మామూలు పాటలకు ఇది చాలు. బెత్తెడు దగ్గర వేరే సంగతి మొదలైంది. పెదవులు విడే చిన్న తడి చప్పుడు, మాట మొదలవ్వకముందు లోపలికి పీల్చే గాలి వినిపించాయి. కార్డియాయిడ్ మైకు నోటికి బాగా దగ్గరైతే 200 హెర్ట్జ్ కింది భాగాన్ని పెంచి చూపిస్తుంది కాబట్టి గొంతుకు ఒక వెచ్చని బరువు కూడా వచ్చింది. పక్క దిండు మీద తల పెట్టి మాట్లాడే మనిషి గొంతు చెవికి ఇలాగే చేరుతుంది.

దానికి పడ్డ మూల్యం:

1. ప, బ, భ వచ్చినప్పుడల్లా 'ధబ్' మనే గాలి దెబ్బ. మగ్గం వర్కు రింగుకు పాత షిఫాన్ చున్నీ రెండు పొరలు బిగించి మైకు ముందు పెట్టాం. 60 రూపాయలు. అయినా మిగిలిన దెబ్బలకు మైకును నోటికి సూటిగా కాకుండా ముక్కు ఎత్తున, 30 డిగ్రీలు పక్కకు తిప్పాం.
2. తల రెండంగుళాలు కదిలినా గొంతు రంగు మారుతుంది. నుదురు చున్నీ రింగు అంచుకు తగిలీ తగలనట్టు ఉండాలని అక్క తనే గుర్తు పెట్టుకుంది.
3. గాజులు. చేయి కాస్త కదిలినా మైకులో గలగల. తీయమని అడగలేదు. రెండు చేతుల గాజుల మీదా కర్చీఫ్ చుట్టి ముడేసుకుంది.
4. మెట్రోనోమ్ టిక్కు హెడ్‌ఫోన్ల నుంచి కారి మైకులో పడుతోంది. టిక్కు తీసి మెత్తని షేకర్ శబ్దం పెట్టాం.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 19,780.

## దశ 4: శ్రుతి, కార్డ్స్

ముందు పాట 4 శ్రుతిలో ఉండేది. పల్లవి చివర అక్క గొంతు విప్పి పాడాల్సి వచ్చేది. బెత్తెడు దూరంలో విప్పిన గొంతు అరుపే. 2 శ్రుతికి దించాం. ఇప్పుడు అదే పైస్వరం మాట్లాడే బలంతో అందుతోంది.

కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) నాలుగే, తిరిగి తిరిగి వస్తాయి: ఈ (E) మైనర్ నైన్త్, ఏ (A) థర్టీన్త్, డీ (D) మేజర్ నైన్త్, బీ (B) సెవెన్త్ షార్ప్ నైన్. మొదటి మిక్స్‌లో రెండు చేతులతో పది వేళ్లూ నొక్కాను, గదంతా కీబోర్డే అయింది. ఇప్పుడు మూల స్వరం బేస్‌కు వదిలేసి మూడే స్వరాలు పట్టుకుంటున్నాను:

1. మొదటి కార్డు: జీ, డీ, ఎఫ్ షార్ప్.
2. రెండోది: జీ, సీ షార్ప్, ఎఫ్ షార్ప్. కదిలింది ఒక్క వేలు, అరస్వరం.
3. మూడోది: ఎఫ్ షార్ప్, సీ షార్ప్, ఈ (E).
4. నాలుగోది: డీ షార్ప్, ఏ (A), డీ.

ఒకటి నుంచి రెండుకు వెళ్లేటప్పుడు ఆ ఒక్క వేలు దిగడం వినండి. ఈ సంగీతంలో నిట్టూర్పు అనిపించేది అక్కడే ఉంది. నాలుగోదానిలో పక్కపక్క స్వరాలు ఒరుసుకుంటాయి. అది మెత్తగా వాయిస్తేనే అందం. రోడ్స్ తరహా ఎలక్ట్రిక్ పియానో శబ్దం తీసుకుని ట్రెమోలో (శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగడం) నెమ్మదిగా పెట్టాను. గట్టిగా కొడితే ఆ శబ్దం గంటలా మోగుతుంది, ఈ పాటకు అది వద్దు. కీ వేగం (ఎంత గట్టిగా నొక్కామన్న లెక్క) 127లో 35–60 మధ్య దాటకుండా వాయించాను.

గానంలో ఇంకో చిక్కు. ట్యూను ఎక్కువగా మోహన స్వరాల్లో ఉంది. అక్క గమకం వేసి షడ్జం మీద వాలితే వెంటనే వేరే కచేరీ మొదలైనట్టుంది. రెండు మార్పులు చేశాం. లైను చివర షడ్జం మీద కాకుండా రిషభం మీద ఆగడం ఒకటి, ఇంకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టు వినపడుతుంది. గాంధారాన్ని సగం తక్కువ నుంచి జారుతూ అందుకోవడం రెండోది. అక్క ఒక్కసారి విని, "గిది మా అమ్మమ్మ దంపుడు పాటల్ల జారుడు లెక్కనే ఉంది తమ్మీ" అంది. అప్పటి నుంచి ఆ చోటు నేనేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

## దశ 5: మాటలు

పాత పల్లవి: "వెన్నెల్లో నీ మౌనం నా ప్రాణం తాకుతుంటే". 13 అక్షరాలు, రెండు బార్లలో (తాళం ఆవర్తాల్లో). 70 టెంపోలో కూడా ఊపిరి తీసుకోవడానికి చోటు లేదు. పైగా వెన్నెల, మౌనం, ప్రాణం అన్నవి ఎవరి నోట్లోనైనా ఒకటే. ఈ గదిలో ఉన్నవి లైటు, బ్యాగు, బస్సు టైము.

ఇప్పుడున్నది:

లైటు ఆర్పకు, జర కూసో
బస్సుకింకా టైముంది
మాటలొద్దు లే, నా చెయ్యి
తెల్లారేదాంక ఇడువకు

మొదటి లైనులో తొమ్మిది అక్షరాలు. 'కూసో' దగ్గర రెండు దీర్ఘాలు పక్కపక్కన ఉన్నాయి. గొంతు అక్కడ ఎంతసేపైనా ఉండగలదు. మొదట 'ఇడ్సిపెట్టకు' అని రాశాం. ఆ ఒత్తులు రెండూ నెమ్మది పాటను చిన్న ముక్కలుగా నరికాయి. 'ఇడువకు' జారిపోతుంది. హ్రస్వాన్ని బలవంతంగా సాగదీస్తే మాట పాడవుతుంది కాబట్టి సాగే స్వరాలన్నీ దీర్ఘం మీదే పడేలా ట్యూను మూడు చోట్ల సర్దాం.

చరణంలో 'చూడు', 'చాలు' ఉన్నాయి. వాటిలోని 'చ' పలికేటప్పుడు పళ్ల మధ్య నుంచి గాలి దూసుకొస్తుంది. బెత్తెడు దూరంలో అది చెవిలో గుచ్చుకుంటోంది. మాట మార్చలేదు, మిక్స్‌లో 6.5 కిలోహెర్ట్జ్ దగ్గర డీఎస్సర్ (ఇలాంటి గుచ్చుకునే గాలి శబ్దాన్ని తగ్గించే సాధనం) 4 డీబీ పట్టేలా పెట్టాం.

## దశ 6: తాళం వెనక్కి

కంప్యూటర్ గ్రిడ్ (తాళాన్ని సమంగా పంచే గళ్లు) మీద అన్నీ సరిగ్గా పెడితే పాట నిటారుగా నిలబడింది, ఒరగలేదు. అమెరికాలోని డెట్రాయిట్‌కు చెందిన హిప్‌హాప్ సంగీతకారుడు జె డిల్లా 1990లలో డ్రమ్ మెషీన్ మీద వేళ్లతో కొట్టిన దెబ్బల్ని సర్దకుండా వదిలేసిన తీరు ఈ తరహా సంగీతానికంతా పాఠం. మేం స్నేర్‌ను (టక్కుమనే డ్రమ్ము) మాత్రమే వెనక్కి జరుపుతూ విన్నాం.

- 10 మిల్లీసెకన్లు: తేడా తెలియలేదు.
- 40: తడబడినట్టుంది.
- 22: వెనక్కి ఆనుకుని కూర్చున్నట్టుంది. ఇదే ఉంచాం.

హైహ్యాట్‌కు (జంట తాళాల్లాంటి చిన్న సింబల్స్) 56 శాతం స్వింగ్, అంటే ప్రతి రెండో చిన్న దెబ్బ 26 మిల్లీసెకన్లు ఆలస్యం. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) గ్రిడ్ మీదే ఉండాలి. ఏదో ఒకటి కదలకుండా ఉంటేనే మిగతావి వెనకబడ్డట్టు తెలుస్తుంది. కిక్ శబ్దం చుట్టిన పత్తి పరుపును గుప్పిటతో గుద్ది తీసుకున్నదే. సింబల్ రోల్స్, టామ్‌లు తీసేశాం.

ట్రాకులు: 41 నుంచి 23.

## దశ 7: బేస్

సోల్ పుట్టిందే చర్చి పాటల్లోంచి. సోల్ గాయని అరేతా ఫ్రాంక్లిన్ చిన్నప్పుడు డెట్రాయిట్‌లో తండ్రి చర్చిలోనే పాడింది. బేస్ అన్నకు నేను కొత్తగా చెప్పాల్సింది లేకపోయింది. ఆరాధనలో ప్రార్థన నడుస్తుంటే వెనక మెల్లగా వాయించే తీరే ఇక్కడ కావాలి. నాలుగో కార్డు నుంచి మొదటిదానికి మెట్లెక్కే చోటు ఆయన సొంతం.

గిటారు బ్రిడ్జి (తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగల కింద గిన్నెలు తోమే స్పాంజి ముక్క పెట్టి, టోన్ నాబ్ సగానికి దించి, బొటనవేలితో వాయించాడు. స్వరం మోగి ఊరుకోకుండా పొట్టిగా ఆగుతోంది, ఆ ఖాళీలోనే గొంతు వినపడుతోంది. పికప్ (తీగల శబ్దాన్ని పట్టే భాగం) గుర్రుమంటే కుర్చీ ఒక పావు వంతు తిప్పి కూర్చుంటే తగ్గింది. ఆయనకు ఇచ్చింది 1,500, స్పాంజి 20.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 21,300.

## దశ 8: గొంతు

మైకు, గది అన్నీ కుదిరాక కూడా అక్క గొంతు మైకుకు పాడుతున్నట్టే ఉంది, మనిషికి పాడుతున్నట్టు లేదు. రెండు పనులు చేశాం.

హెడ్‌ఫోన్లలో ఆమె గొంతును 4 డీబీ పెంచాను, మ్యూజిక్‌ను తగ్గించాను. తన గొంతు తనకు పెద్దగా వినిపిస్తే ఎవరైనా తమకు తెలియకుండానే తగ్గించి పాడతారు. స్థాయి వెంటనే పడింది, ఊపిరి కలిసింది.

రెండోది అక్క ఆలోచనే. "బావను ఎదురుంగ కూసోపెట్టు, నువ్వు బయటికి పో తమ్మీ" అంది. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని పక్క గదిలోకి మారాను, కేబుల్ తలుపు కింద నుంచి. బావ మైకు వెనక, నేల మీద కూర్చున్నాడు. మొదటి టేకులో సన్నని టిక్ టిక్. ఎక్కడిదా అని వెతికితే ఆయన చేతి గడియారం. అది బయట పెట్టాక తీసిన టేకే ఇప్పుడు పాటలో ఉంది. 'ఇడువకు' దగ్గర గొంతు చివర కొంచెం పగిలింది, శ్రుతి అరవీసం తగ్గింది. ట్యూనింగ్ ప్లగిన్‌తో సరిచేసి చూశాను. స్వరం కుదిరింది, మనిషి పోయింది. తీసిన టేకు తీసినట్టే ఉంచాను.

కోరస్ గొంతులు ఆరు కూడా అక్కవే, మూర దూరంలో, మొహం గోడవైపు తిప్పి పాడినవి. దగ్గరున్న గొంతు ఒక్కటే ఉండాలి, మిగతావి దూరంగా ఉంటేనే అది దగ్గరనిపిస్తుంది.

## దశ 9: మిక్స్

1. లీడ్ గొంతు: 80 హెర్ట్జ్ కింద కోత, 200 దగ్గర 3 డీబీ తగ్గింపు. బెత్తెడు దూరం తెచ్చిన బరువు కొంత ఉండాలి, మొత్తం కాదు.
2. కంప్రెషర్ (గొంతు హెచ్చుతగ్గులను దగ్గరకు తెచ్చే సాధనం) 3:1, అటాక్ (అది పట్టుకోవడానికి తీసుకునే సమయం) 15 మిల్లీసెకన్లు, 3–4 డీబీ మాత్రమే. ఒకే కంప్రెషర్‌తో 8 డీబీ పిండితే పీల్చే గాలి పాటకన్నా పెద్దదైంది.
3. ఊపిరి చప్పుళ్లు కోయలేదు, 6 డీబీ దించాను.
4. అదే లైను గుసగుసగా పాడిన ఇంకో ట్రాకు, లీడ్ కన్నా 18 డీబీ కింద. విడిగా వినిపించదు, తీసేస్తే లోటు తెలుస్తుంది.
5. రివర్బ్ 0.9 సెకను, 45 మిల్లీసెకన్లు ఆగి మొదలయ్యేలా. ఆ ఆగడం వల్ల మాట ముందే ఉంటుంది, గది వెనక వస్తుంది.
6. మొత్తం స్థాయి −14 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి పాట ఎంత పెద్దగా అనిపిస్తుందో చెప్పే కొలత), శిఖరం −1 డీబీ. స్పాటిఫై మామూలుగా −14కే సర్దుతుంది కాబట్టి ఇంకా పిండడం వల్ల లాభం లేదు.

ఫోన్ స్పీకర్‌లో వింటే బేస్ మాయం. బేస్‌లో అన్నిటికన్నా కింది ఈ (E) స్వరం 41 హెర్ట్జ్, అంత చిన్న స్పీకర్ పలికించలేదు. బేస్‌కు కొంచెం శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేయడం) కలిపితే దాని రెట్లు 82, 124, 165, 206 లేచాయి. పై రెట్లు వింటే చెవి కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. ఆటో స్పీకర్లలో మాత్రం 200 దగ్గర గొంతు మళ్లీ ఉబ్బింది, అక్కడ ఇంకో 1 డీబీ తగ్గించాను.

రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) లైసెన్సు 60 డాలర్లు, ఆ రోజు రేటుకు 5,300.

మొత్తం ఖర్చు: రూ. 26,600. ట్రాకులు 16: లీడ్ 1, గుసగుస 1, కోరస్ 6, కీబోర్డు 2, బేస్ 1, తాళం 4, ఖాళీ గది శబ్దం 1. గొంతు లేని చోట్ల పాట ఒక్కసారిగా చచ్చిపడకుండా ఆ గది శబ్దం ఆపుతుంది.

## మిగిలిన పని

రెండో చరణంలో బేస్ మెట్లెక్కే చోటు 'టైముంది' మీద పడుతోంది. దాన్ని ఒక బీటు తర్వాతికి జరిపి మళ్లీ తీయాలి, ఆదివారం ఆరాధన అయ్యాక వస్తానని అన్న చెప్పాడు. కోరస్‌లో ఎడమ పక్క గొంతు 2 డీబీ ఎక్కువుంది. అడిగి తెచ్చిన మూడు గొంగళ్లు చలి ముదిరేలోపు తిరిగివ్వాలి కాబట్టి, కోరస్ మళ్లీ పాడాల్సి వస్తే అది బేస్ కన్నా ముందు పెట్టుకుంటాం.